ఇశ్రాయేలీయుల కుటుంబకథలలో స్త్రీలు: వంశావళియు కథయు

హెబ్రీయుల ఆదికాండమును మొదటినుండి వరుసగా చదువువారికి పదునొకండవ అధ్యాయము చివర ఒక చిన్న ఆటంకము తగులును. అంతవరకు షేము మొదలు తెరహు వరకు ఒకని పిదప ఒకడుగా పురుషుల పేర్లు సాగివచ్చుచుండును. ఫలానివాడు ఇన్ని యేండ్ల వయస్సున ఫలానివానిని కనెను, అటుపిమ్మట ఇన్ని యేండ్లు బ్రదికెను. ఇదియే ఆ పట్టికకు మూస. కన్నతల్లి పేరు అందు ఒక్కచోటనైనను లేదు. తెరహు కుమారుల యొద్దకు వచ్చుసరికి ఈ మూస చెడినది. అబ్రాము భార్య పేరు శారయి అనియు, ఆమె గొడ్రాలనియు, ఆమెకు సంతానము లేదనియు గ్రంథము చెప్పవలసి వచ్చినది. పట్టిక అచ్చట నిలిచిపోయినది. తరువాతి అధ్యాయము నుండి కథ మొదలైనది.

ఇది యాదృచ్ఛికము కాదని మా అభిప్రాయము. ఆదికాండమునందు వంశావళి, కథ అను రెండు రచనా విధానములు పక్కపక్కన నడచును. వంశావళి పురుషుల సొత్తు. అది సాఫీగా సాగినంతవరకు స్త్రీతో దానికి పనిలేదు. గొడ్డుతనము, వైధవ్యము, సవతి పోరు, ఇద్దరు కొడుకులలో ఎవరు వారసుడను సంశయము - వీనిలో ఏదియో యొకటి అడ్డుతగిలినపుడు మాత్రమే కథ పుట్టును. అట్లు పుట్టిన కథలో కార్యభారము స్త్రీపై పడును. తెగబోయిన పేగును ఆమె ముడివేయును. ముడి పడిన వెంటనే కథ ఆమెను విడిచిపెట్టును. ఈ తుది సంగతిని మాత్రము విమర్శకులు తగినంతగా గమనింపలేదని మాకు తోచుచున్నది. ఈ కథలలోని స్త్రీల తెలివిని చూచి ఆనాటి స్త్రీలు ఉన్నతస్థితిలో ఉండిరని కొందరును, ఓలి యిచ్చి కొనబడుటను చూచి హీనస్థితిలో ఉండిరని మరికొందరును తీర్పు చెప్పుచున్నారు. ఈ రెండు తీర్పులును తొందరపాటుతో కూడినవి. ఏ స్త్రీకి, ఏ సమయమున, ఎవరిపై, ఎంత అధికారము ఉండెనో విడివిడిగా చూడవలసియున్నది.

ఈ వ్యాసమునందు మేము ఆదికాండములోని శారా, హాగరు, రిబ్కా, లేయా, రాహేలు, దీనా, తామారుల కథలను, రూతు గ్రంథమును, సంఖ్యాకాండములోని సెలోపెహాదు కుమార్తెల వృత్తాంతమును మాత్రమే తీసికొనుచున్నాము. పేర్లను తెలుగు బైబిలులో ఉన్నట్లే వ్రాయుచున్నాము. శారయి తరువాత శారాగను, అబ్రాము అబ్రాహాముగను మారుట పాఠకులకు తెలిసినదే.

కథలలోనికి పోవుటకు ముందు, ఇవి ఏ కాలమునకు సాక్ష్యములను ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలెను. 1925 మొదలు 1931 వరకు ఇరాకులోని కిర్కూకు పట్టణమునకు సమీపమున నూజీ అను ప్రాచీన నగరమును త్రవ్విరి. అందు క్రీ.పూ. 15, 14 శతాబ్దులనాటి మట్టిపలకలు వేలకొలది దొరకినవి. వానిలో ఒక ఒప్పందము ప్రకారము గిలిమ్నిను అను స్త్రీ తన భర్తయైన షెన్నిమకు సంతానము కనలేకపోయినచో, ఆమెయే లుల్లు దేశపు స్త్రీ నొకతెను తెచ్చి అతని కీయవలెను. ఇది శారా హాగరును అబ్రాహామున కిచ్చిన కథకు సరిగా సరిపోయినదని పండితులు సంబరపడిరి. పితరుల కథలన్నియు క్రీ.పూ. రెండవ సహస్రాబ్ది నాటివని దీనితో రుజువైనదని ఒక తరము పండితులు నమ్మిరి. ఆ నమ్మకము 1974లో థామస్ థామ్సన్, 1975లో జాన్ వాన్ సేటర్స్ ప్రకటించిన గ్రంథములతో సడలిపోయినది. ఇట్టి షరతు నూజీ యందే కాక, అంతకు ముందు అస్సూరీయ వర్తకుల పత్రములోను, ఎంతో తరువాత క్రీ.పూ. 7వ శతాబ్దినాటి నిమ్రూదు పత్రములోను కలదు. వేయియేండ్లకు పైగా వాడుకలో నున్న ఆచారము ఒక కథకు కాలనిర్ణయము చేయజాలదు గదా! కథలలోని ఒంటెల సంగతియు ఇట్టిదే. అరాబా లోయలోని రాగి కొలిమి స్థలములలో దొరకిన యెముకలను పరిశీలించిన టెల్ అవీవు పరిశోధకులు, ఆ ప్రాంతమున పెంపుడొంటెల వాడుక క్రీ.పూ. 10వ శతాబ్ది ఉత్తరార్ధమునకు ముందు లేదని 2013లో నిరూపించిరి. కావున రిబ్కా నీరు పోసిన పది ఒంటెలు కథ చెప్పినవాని కాలమునకు చెందినవే కాని కథలోని కాలమునకు చెందినవి కావనుట న్యాయము.

ఇందువలన కథలు చరిత్రకు పనికిరావని మేము చెప్పుటలేదు. శారా యను వ్యక్తి జీవితమునకు ఇవి సాక్ష్యములు కాకపోవచ్చును. కాని కథ వినువారికి ఏది సహజముగ తోచెనో, ఏది వింతగ తోచెనో, ఏది న్యాయమనిపించెనో చెప్పుటకు ఇంతకు మించిన సాక్ష్యము లేదు. ఆ వినువారు మొదటి సహస్రాబ్దిలో పాలస్తీనా కొండసీమలలోని చిన్న పల్లెలలో నివసించిన సేద్యగాండ్రు. వారి యిండ్లు త్రవ్వకములలో బయటపడినవి. ముందు వాకిలి, రాతి స్తంభముల వరుస, పశువులకును ధాన్యమునకును అరలు, పైన మిద్దె - ఇది ఆ యింటి రూపము. ఇట్టివి రెండు మూడు ఒకే ముంగిలి చుట్టు ఉండుటను బట్టి తండ్రి, వివాహితులైన కుమారులు కలిసియుండిరని లారెన్సు స్టేగరు 1985లో వివరించెను. ఆ ముంగిళ్లలో మట్టిపొయ్యిలు, మగ్గపు నూలును బిగువుగ నిలుపు మట్టిగుండ్లు, పిండిరాళ్లు దొరకినవి. ఆ పిండిరాయి మన తిరుగలి వంటిది కాదు. సన్నికంటిపై పొత్రమును నూరినట్లు మోకాళ్లపై కూర్చుండి ముందునకును వెనుకకును రుద్దవలసినది. ఒక కుటుంబమునకు కావలసిన పిండికై స్త్రీలు దినమునకు రెండు మూడు గంటలు ఈ రాతియొద్ద గడపవలసియుండెనని కారొల్ మేయర్సు అంచనా వేసినది. ఇంటి ఆహారము, వస్త్రము స్త్రీ చేతిలో ఉన్న చోట ఆమె మాటకు కొంత బరువు తప్పక ఉండునని ఆమె వాదము. ఈ వాదము మాకు సమ్మతమే. అయితే పిండిరాతి యొద్ద కూర్చున్న స్త్రీలందరును ఒక్క అంతస్తు వారు కారను సంగతిని హాగరు కథ మనకు గుర్తుచేయును.

ఇశ్రాయేలీయుల వాడుకలో కుటుంబమునకు పేరు ‘బేత్ ఆబ్’, అనగా తండ్రియిల్లు. ఆస్తి, పేరు, సమాధి అన్నియు దానివే. అయినను నాలుగు చోట్ల మాత్రము ‘బేత్ ఏమ్’, అనగా తల్లియిల్లు అను మాట వినవచ్చును. రిబ్కా బావియొద్ద నుండి పరుగెత్తినది తల్లియింటికి. నయోమి తన కోడండ్రను మరలిపొమ్మన్నది తల్లియింటికి. మిగిలిన రెండును పరమగీతము లోనివి. నాలుగింటను స్త్రీ ప్రధానపాత్ర. నాలుగింటను పెండ్లియో ప్రేమయో ప్రస్తావము. పుట్టిల్లు అను మాట నెరిగిన తెలుగు పాఠకునకు దీనిని వివరింప నక్కరలేదు. చట్టము దృష్టిలో తండ్రియిల్లైనది ఆడుబిడ్డ నోట తల్లియిల్లగును.

రిబ్కా కథను కొంత నిదానముగ చూతము. అబ్రాహాము సేవకుడు నాహోరు పట్టణపు బావియొద్ద పది ఒంటెలతో నిలిచి, తనకును ఒంటెలకును నీరు పోయు కన్యయే తన యజమాని కుమారునకు భార్య యగునని గురుతు పెట్టుకొనెను. దప్పిగొన్న ఒంటె ఒక్కటియే నూరు లీటర్ల వరకు త్రాగగలదు. ఒక కుండతో పది ఒంటెల దప్పి తీర్చుట ఎంత పనియో నీళ్లు మోసినవారికే తెలియును. కథకుడు ఆమె సౌందర్యమును ఒక్క వాక్యముతో ముగించి, ఆమె కుండను దింపుట, తొట్టిలో కుమ్మరించుట, మరల పరుగెత్తుట అను క్రియలను వరుసగ చెప్పినాడు. వధువునకు పరీక్ష శ్రమయే. పిమ్మట యింటిలో సంబంధము నిశ్చయించువారు సోదరుడైన లాబాను, తండ్రి బెతూయేలు. ఆ సంభాషణలో రిబ్కా లేదు. మరునాడు ప్రయాణమును పది దినములు వాయిదా వేయవలెనని తల్లియు సోదరుడును కోరగా సేవకుడు ఒప్పుకొనలేదు. అప్పుడు ఆమెను పిలిచి పోయెదవా యని యడిగిరి. పోయెదనని ఆమె ఒక్క మాటతో చెప్పినది. కన్య సమ్మతిని అడుగు ఆచారమునకు దీనిని దృష్టాంతముగ చూపుట వాడుక. కాని అడిగినది పెండ్లిని గురించి కాదు. పెండ్లి అంతకు ముందు రాత్రియే నిశ్చయమైనది. అడిగినది బయలుదేరు దినమును గురించి మాత్రమే. అయినను ఆ చిన్న ప్రశ్న అడుగదగినదని వినువారు భావించిరనుట విశేషమే.

అదే రిబ్కా కొన్నియేండ్ల పిదప కన్ను కానరాని భర్తను వంచించి చిన్నకొడుకునకు ఆశీర్వాదమును ఇప్పించినది. ఆమె ఆయుధములు ఏవో గమనింపుడు. రెండు మేకపిల్లల మాంసము, భర్తకు ప్రియమైన వంట, ఇంటిలో తన యొద్దనున్న పెద్దకొడుకు వస్త్రములు, మేకతోళ్లు. అన్నియు వంటయింటివి, బట్టల పెట్టెలోనివి. ఆశీర్వదించు అధికారము ఇస్సాకుది. ఆశీర్వాదము ఎవరిపై పడవలెనో నిర్ణయించు చాతుర్యము ఆమెది. ఆపై యేశావు పగనుండి యాకోబును తప్పింపదలచి, హిత్తీయుల కోడండ్రవలన తనకు ప్రాణము విసిగినదని భర్తతో మొరపెట్టి, ఆయన నోటనే యాకోబును తన పుట్టింటికి పంపించినది. కొన్ని దినములు మాత్రమే యని కొడుకుతో చెప్పినది. ఆ కొన్ని దినములు ఇరువదియేండ్లైనవి. తల్లి కొడుకును మరల చూచినట్లు కథలో లేదు. ఆమె మరణమునకు ప్రత్యేకముగ ఒక్క వాక్యము లేదు. ఆమెతో వచ్చిన దాది దెబోరా చనిపోయి సింధూర వృక్షము క్రింద పాతిపెట్టబడినట్లు మాత్రము ఉన్నది! రిబ్కా సమాధి ఎచ్చటనో యాకోబు మరణశయ్యపై ప్రసంగవశమున చెప్పుటచే మనకు తెలియుచున్నది. వంశము యాకోబు పేర స్థిరపడిన క్షణముననే ఆమెతో కథకు పని తీరినది.

శారా విషయమున ఇట్లు జరుగలేదుగదా యని అడుగవచ్చును. నిజమే. బైబిలునందు మరణకాలమున వయస్సు చెప్పబడిన స్త్రీ ఆమె యొక్కతెయే, 127 ఏండ్లు. ఆమెను పాతిపెట్టుటకై అబ్రాహాము హిత్తీయుడైన ఎఫ్రోనునుండి మక్పేలా గుహను 400 షెకెలుల వెండికి కొనెను. తన సంతతికి వాగ్దానము చేయబడిన దేశమున ఆయన కొన్న మొదటి భూమి భార్య సమాధియే. అయితే ఇరువదిమూడవ అధ్యాయమంతయు బేరసారముల వర్ణనము. మృతురాలిని గూర్చిన విలాపము అందులో ఒక్క వాక్యము.

శారా బ్రదికియున్నపుడు ఆమె అధికారము ఎవరిపై నడిచెనో చూచినచో హాగరు కానవచ్చును. హాగరు ఐగుప్తీయురాలు, దాసి. ఆమె గర్భము దాల్చినంతట యజమానురాలిని చులకనగ చూచెననియు, శారా ఆమెను శ్రమపెట్టగా ఎడారికి పారిపోయెననియు కథ. క్రీ.పూ. 18వ శతాబ్దినాటి హమ్మురాబి శాసనములో 146వ విధి సరిగా ఇట్టి తగవునకే పుట్టినది. యజమానురాలు భర్త కిచ్చిన దాసి పిల్లలను కని ఆమెతో సమానతను కోరినచో, ఆమెను అమ్మివేయరాదు కాని దాసీచిహ్నము వేసి దాసులలో లెక్కింపవచ్చును. ఆ విధిని కథకు మూలమని మేము అనము. ఒకే పొయ్యి యొద్ద ఇద్దరు స్త్రీలు నిలువవలసి వచ్చినపుడు ఇట్టి తగవు పుట్టునని రెండు దేశముల వారును ఎరుగుదురని మాత్రమే అందుము. శారా గాని అబ్రాహాము గాని హాగరును పేరుపెట్టి పిలిచినట్లు లేదు. వారి నోట ఆమె ‘దాసి’. ఆమెను మొదట పేరుతో పిలిచినది ఎడారిలోని దేవదూత. ప్రతిగా ఆమె తనతో మాటలాడిన దేవునకు ‘ఎల్ రోయి’ అని పేరు పెట్టినది. ఆ గ్రంథములో దేవునకు పేరు పెట్టిన మనుష్యప్రాణి ఆమె యొక్కతెయే యని పండితులు చెప్పుదురు. రెండవమారు రొట్టెయు, నీటితిత్తియు ఇచ్చి వెళ్లగొట్టగా ఆమె కొడుకును బ్రదికించుకొని, పెద్దవాడైన పిదప ఐగుప్తునుండి పిల్లను తెచ్చి తానే పెండ్లి చేసినది. ఆదికాండమున కొడుకునకు తానే వధువును తెచ్చిన తల్లి మరియొకతె లేదు. ఇచ్చట ఒక విశేషము కలదు. శారా, రిబ్కాల వలె హాగరు మూలవంశపు తల్లి కాదు. అందుచేత ఆమెను కథనుండి తొలగింపవలసిన అవసరము వంశావళికి లేకపోయినది. ఆమె కథ ఆమె చేసిన పనితోనే ముగిసినది.

యాకోబు లాబానుకు చేసిన కొలువు ఏడేండ్లు రాహేలునకును, మోసముచే లేయాకును కలిపి పదునాలుగేండ్లు. ధనము లేనివాడు శ్రమతో చెల్లించిన ఓలి ఇది. హెబ్రీయుల ‘మోహరు’ అను మాటకు తెలుగు అనువాదకులు ఓలి అను మాటను వాడుట సమంజసముగ నున్నది. కన్యాశుల్కమను సంస్కృతపు మాటకంటె పల్లెటూరి ఇచ్చిపుచ్చుకొనుటలను ఇది బాగుగ స్ఫురింపజేయును. లాబాను కుమార్తెల వెంట ఒక్కొక్క దాసిని పంపెను. లేయాకు జిల్పా, రాహేలునకు బిల్హా. ఇవి అరణములు. ఈ అరణపు దాసీలే తరువాత సవతులైరి.

ఇరువదితొమ్మిది, ముప్పది అధ్యాయములలోని సంతానక్రమము వంశావళివలెనే పైకి కనబడును. కాని చెప్పుతీరు వేరు. ప్రతి శిశువు పేరు వెనుక ఒక తల్లి మాట కలదు. భర్త తన్ను చూడవలెనను ఆశ రూబేను పేరు. తన మొర వినబడెనను తృప్తి షిమ్యోను పేరు. అక్కతో పోరాడి గెలిచితినను గర్వము నఫ్తాలి పేరు. గోత్రములకు మూలపురుషులైనవారి పేర్లన్నియు ఇద్దరు అక్కచెల్లెండ్ర పోరును గూర్చిన వ్యాఖ్యలే. రూబేను పొలమునుండి తెచ్చిన దూదాయీము పండ్ల ఘట్టమును చూడుడు. తెలుగు బైబిలు ఆ మొక్కకు ‘పుత్రదాత’ యని పేరిచ్చినది. అవి సంతానము కలిగించునని నమ్మిక. రాహేలు వానికై ఒక రాత్రి భర్తను అక్కకు బదులిచ్చినది. సాయంకాలము పొలమునుండి వచ్చుచున్న యాకోబునకు లేయా ఎదురుపోయి, నిన్ను కొంటినని చెప్పినది. పదునాలుగేండ్ల ఓలితో స్త్రీలను కొన్నవాడు ఇచ్చట పండ్లకు కొనబడినాడు. కథకుని చిరునవ్వును మనము గుర్తింపకపోరాదు. అంతతో ఆగక మరియొకటి గమనింపవలెను. బిల్హా, జిల్పాలు చెరి యిద్దరు కొడుకులను కనిరి. ఆ నలుగురికిని పేర్లు పెట్టినది రాహేలు, లేయాలే. కన్నవారి మాట ఒక్కటియు వినబడదు. పేరు పెట్టు అధికారమును బట్టి స్త్రీల స్థితిని కొలుచువారు ఈ నాలుగు పేర్లను మరువరాదు. దీనా పేరునకు లేయా ఏ వివరణమును ఇయ్యలేదు.

ముప్పదియొకటవ అధ్యాయమున ఈ అక్కచెల్లెండ్రు మొదటిసారి ఒక్కమాట మీద నిలిచిరి. తండ్రియింట మాకు పాలెక్కడిది, ఆయన మమ్ము అన్యులవలె అమ్మివేసి ఆ ధనమును తానే తినివేసెనుగదా యని వారి మొర. ప్రాచీన పశ్చిమాసియా వివాహపత్రములు కొన్నిటిలో ఓలిధనము తిరిగి వధువు కొంగున చేరుట కలదు. అట్టి న్యాయము తమకు జరుగలేదని వీరి ఆరోపణము. ఓలిని కొనుగోలని పిలిచిన వారు బయటి విమర్శకులు కారు, లాబాను కన్నకూతుండ్రే. అమ్ముట యను మాటను వారు నిందగ ప్రయోగించుటచేతనే, అది యథార్థముగ అమ్మకము కాకుండవలెనని వారి భావన యని తెలియును. ఆ పయనములో రాహేలు తండ్రి గృహదేవతలను దొంగిలించి, ఒంటెసామగ్రిలో దాచి, వానిపై కూర్చున్నది. వెదకవచ్చిన తండ్రితో, స్త్రీలకు సహజమైన స్థితిలో ఉన్నాను, లేవలేనని చెప్పినది. ఈ బొమ్మలు ఉన్నవారికి వారసత్వము దక్కునని నూజీ పలకల నాధారముగ చేసికొని చెప్పిరి. 1962లో మోషే గ్రీన్‌బర్గు దానిని ఖండించెను. వారసత్వమైనను కాకపోయినను, పాలులేని యింటినుండి ఆమె తనపాలు తెచ్చుకొన్నదని చదువుటకు అడ్డులేదు. తరువాత రాహేలు త్రోవలో ప్రసవించి మరణించినది. చివరి శ్వాసతో ఆమె పెట్టిన బెనోని యను పేరును భర్త బెన్యామీనుగ మార్చెను. ఆమెను త్రోవప్రక్కనే పాతిపెట్టిరి. మక్పేలా గుహలో యాకోబు ప్రక్కన ఉన్నది ఆయన కోరని లేయా.

దీనా కథ మా ప్రతిపాదనకు కొంత ప్రతికూలము. ఇందు వంశమునకు ఏ చిక్కును లేదు. దేశస్త్రీలను చూడబోయిన కన్యను షెకెము చెరిచెను. తండ్రి ఊరకుండెను. షిమ్యోను, లేవి ఊరిని మోసముతో చంపిరి. పరువు, ఓలి, సున్నతి, పగ - అన్నిటిని గురించి పురుషులు మాటలాడిరి. ఆమె నోట ఒక్క మాట లేదు. ఆమె ఇంకను షెకెము ఇంటనే యుండెనని మనకు తెలియుటకు హత్యలు ముగియవలసివచ్చినది.

తామారు కథలో వంశపు చిక్కు మరల వచ్చినది. యూదా పెద్దకొడుకు ఏరు చనిపోగా అతని భార్య తామారు రెండవవాడైన ఓనానుకు ఈయబడినది. చనిపోయిన అన్నకు సంతానమును కలిగించుట తమ్ముని విధి. ఓనాను ఆ విధిని తప్పించుకొని చనిపోయెను. ఈ ఆచారమునకు పాశ్చాత్యభాషలలోని పేరు లాటిను ‘లెవిర్’ శబ్దమునుండి వచ్చినది. అది మన ‘దేవర’ శబ్దమునకు తోబుట్టువు. దేవరన్యాయమను తెలుగు పేరు ఈ విధముగ మూలార్థమునే చెప్పుచున్నది. భారతము చదివినవారికి నియోగము వెంటనే జ్ఞప్తికి వచ్చును. కాని ఒక భేదము కలదు. అంబికాంబాలికల విషయమున అత్తయైన సత్యవతి కార్యము నడపినది, కోడండ్రు తలవంచిరి. ఇచ్చట నడపవలసిన మామ వెనుదీసెను, కోడలు నడపినది. మూడవ కొడుకు షేలాయు చనిపోవునేమో యను భయముతో యూదా ఆమెను పుట్టింటికి పంపివేసెను. ఈ యేర్పాటులోని క్రౌర్యమును గుర్తింపవలెను. ఆమె విధవయు కాదు, భార్యయు కాదు. తండ్రియింట ఉన్నను మామ కుటుంబమునకు కట్టుబడినది. మరియొకనిని పెండ్లాడరాదు.

షేలా పెరిగెను. పిలుపు రాలేదు. యూదా భార్యను పోగొట్టుకొని గొఱ్ఱెల బొచ్చు కత్తిరింపునకై తిమ్నాకు పోవుచున్నాడని విని, ఆమె వైధవ్యవస్త్రములు విడిచి, ముసుగు వేసికొని, ఏనాయీము త్రోవలో కూర్చున్నది. అతడు వేశ్య యనుకొని మేకపిల్లను బేరమాడెను. ఆమె కుదువగ ముద్ర, దాని త్రాడు, చేతికఱ్ఱ అడిగి తీసికొన్నది. అవి అతని పత్రములపై వ్రాలువంటివి. మూడు నెలలకు ఆమె గర్భవతి యని తెలిసి, ఆమెను కాల్చివేయుడని యూదా తీర్పు చెప్పెను. ఆమె ఆ వస్తువులను పంపి, ఇవి యెవరివో గుర్తింపుమని కోరినది. ఈ ‘గుర్తింపుము’ అను హెబ్రీ మాటలు, యోసేపు అంగీని మేకరక్తములో ముంచి తండ్రికి పంపినపుడు ఆయన కుమారులు పలికిన మాటలే. తండ్రిని మోసగించిన వారిలో యూదా యొకడు. ఇప్పుడు అవే మాటలు అతని తలుపు తట్టినవి. నాకంటె ఆమెయే నీతిమంతురాలని అతడు ఒప్పుకొనెను. ఆమె చేసినది చట్టమునకు మరీ దూరము కూడ కాదు. హిత్తీయుల శాసనములలో 193వది, సోదరుడు లేనిచో మామ ఆ విధవను గ్రహించుటను విధించినది. ఆ పిమ్మట కవలలు, పెరెసును జెరహును, పుట్టిరి. తామారు మరల మాటలాడలేదు. యూదా ఆమెను మరల కూడలేదని కథకుడు ఒక వాక్యము చేర్చి మరలిపోయెను. ఆమెకు షేలా దక్కెనో లేదో, శేషజీవితము ఎవరి యింట గడచెనో కథకు అక్కరలేదు.

రూతు గ్రంథము ఈ తీరునకు పరాకాష్ఠ. ఇద్దరు విధవలు, మోయాబునుండి బేత్లెహేమునకు త్రోవ, యవలకోతలో పరిగె ఏరుకొనుట, రాత్రి కళ్లములో బోయజు పాదముల యొద్దకు పోవుట - ఇవన్నియు అత్తకోడండ్ర ఆలోచనతో జరిగిన పనులు. ఊరిగవిని యొద్ద పెద్దల సభలో మాత్రము ఇద్దరును లేరు. అచ్చట పొలమును గురించియు, రూతును గురించియు పురుషులు మాటలాడి, చెప్పు తీసియిచ్చి వ్యవహారమును తేల్చుకొనిరి. బిడ్డ పుట్టినపుడు ఇరుగుపొరుగు స్త్రీలు నయోమికి కొడుకు పుట్టెనని చెప్పి వానికి ఓబేదు అని పేరుపెట్టిరి. ఏడుగురు కొడుకులకంటె ఈ కోడలు మేలని వారే అనిరి. అంతటితో స్త్రీల కంఠములు ఆగిపోయినవి. వెనువెంటనే పెరెసు మొదలు దావీదు వరకు పది పేర్లు గల వంశావళి. ఆ పదిమందిలో మొదటివానిని కన్న తామారు లేదు. ఓబేదును కన్న రూతు లేదు. నాలుగు అధ్యాయముల శ్రమ ‘బోయజు ఓబేదును కనెను’ అను మూసలో ఒదిగిపోయినది. శారయికి ముందు నిలిచిన పట్టిక మరల నడచినది.

వంశావళిలో స్త్రీల పేర్లకు చోటు ఎప్పుడును దొరకలేదా? ఒకచోట దొరకినది. మనష్షే గోత్రీకుడైన సెలోపెహాదు కొడుకులు లేక చనిపోగా అతని కుమార్తెలు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనువారు మోషే యెదుట నిలిచి, కొడుకు లేనంతమాత్రమున మా తండ్రి పేరు ఏల మాసిపోవలెనని వాదించి స్వాస్థ్యము పొందిరి. ఆ వాదమును జాగ్రత్తగ వినవలెను. అడిగినది తమ పేర కాదు, తండ్రి పేర. అడిగిన తీరును బట్టియే గెలిచిరి. సంఖ్యాకాండము చివరి అధ్యాయమున గోత్రపు పెద్దలు వచ్చి, వీరు పరగోత్రీకులను పెండ్లాడినచో భూమి పోవునని అభ్యంతరము చెప్పగా, పినతండ్రి కొడుకులనే పెండ్లాడవలెనని కట్టడి వచ్చినది. ఇది కేవలము చట్టమును వివరించుటకు కల్పించిన కథయని చాలకాలము తలచిరి. 1910లో హార్వర్డు విశ్వవిద్యాలయము వారు షోమ్రోను రాజగృహ ప్రాంతమును త్రవ్వినపుడు సిరాతో వ్రాసిన కుండపెంకులు దొరకినవి. అవి క్రీ.పూ. 8వ శతాబ్దిలో రాజధానికి చేరిన ద్రాక్షారసము, నూనెల లెక్కలు. సరకు ఏ సీమనుండి వచ్చెనో వానిపై వ్రాసిరి. ఆ సీమల పేర్లలో నోయా కలదు, హొగ్లా కలదు. స్త్రీల పేర్లు సీమలకు వచ్చెనో, సీమల పేర్లకు కథలో స్త్రీరూపము వచ్చెనో ఈ పెంకులు తేల్చలేవు. రెండవదియే నిజమని మేము తలంతుము. ఏలయన తిర్సాయు అదే మనష్షే ప్రాంతమున ఒక పట్టణము పేరు. అయినచో, భూమి పేర్లను ఒక కుటుంబముగ ఊహించిన ఆ పూర్వుడు వానిని ఐదుగురు కొడుకులుగ ఏల ఊహింపలేదను ప్రశ్న మిగిలియున్నది.